అడగకుండా పీకిన బోర్డు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆయనకేమో ప్రతిదానికీ ఎవరినో ఒకరిని అడిగే జబ్బు. ఇంగ్లండ్‌లో ఈ బ్రాక్‌నెల్‌కు వచ్చి పన్నెండేళ్లయినా, ఏ వారం ఏ చెత్త బిన్ బయట పెట్టాలో తనకు బాగా తెలిసినా, గోడ మీదుగా పక్కింటి పెద్దాయనను ఓసారి అడిగితే గానీ ఆయనకు తోచేది కాదు. ఆ మే నెలలో పక్కింటి ఎన్నికల బోర్డు దగ్గర మేమిద్దరం పోట్లాడుకున్నదీ దీని గురించే.

కౌన్సిల్ ఎన్నికలు వస్తున్నాయంటే చాలు, ఆ పెద్దాయన తన పార్టీ బోర్డును ఒక కర్రకు బిగించి ముందు గార్డెన్‌లో పాతేవాడు. ఈసారీ పాతాడు. ఊపిరి అందక, రెండు దెబ్బలు వేసి గోడ పట్టుకుని నిలబడి, మళ్లీ రెండు దెబ్బలు వేశాడు. మా ఆయన సాయం చేయనా అని అడిగితే వద్దన్నాడు. ఎన్నికలైన వారానికి ఆస్పత్రిలో పోయాడు. ఇక్కడ ఫ్యునరల్‌కు తేదీ దొరకడానికే మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ బోర్డు అలాగే ఉంది.

మా ఒంగోలు వైపు మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగే వండి తెస్తారు, వాకిలి ఊడుస్తారు, వచ్చేవాళ్లకు కుర్చీలు వేస్తారు. అడగడాలేమీ ఉండవు. అడిగితే ఆ ఇంటివాళ్లు మొహమాటానికి వద్దంటారు కాబట్టే అడగరు. ఇక్కడ మూడు వారాలుగా నేను చేయగలిగిందల్లా కారం తగ్గించి వండిన పప్పూ అన్నం పెద్దాయన భార్యకు గోడ మీదుగా అందించడమే. నాకు అస్సలు తృప్తిగా లేదు.

ఫ్యునరల్ గురువారం. మంగళవారం నాడు ఆవిడ నాటింగ్‌హామ్ నుంచి వస్తున్న చెల్లెల్ని తీసుకురావడానికి స్టేషన్‌కు వెళ్లింది. ఇదే సమయమని చీపురు పట్టుకుని వెళ్లి ఆవిడ వాకిలంతా ఊడ్చాను, కలుపు పీకాను. చివరికి బోర్డు మిగిలింది. నలుగురూ వచ్చే ఇంటి ముందు ఓడిపోయిన పార్టీ బోర్డేమిటి అనిపించింది. మా ఊళ్లో ఓట్ల లెక్కింపు అయిన మర్నాటికల్లా ఫ్లెక్సీలన్నీ గొడ్ల చావిళ్ల మీదికీ, కోళ్లగూళ్ల మీదికీ చేరిపోతాయి. ఎవరికి దొరికితే వాళ్లవే. అందుకే రెండు చేతులతో కర్ర పట్టుకుని ఊపాను.

మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. "అది పీకొద్దే! ఆవిడ వచ్చాక అడుగుదాం."

"ఏడుస్తున్న మనిషిని బోర్డు తియ్యనా, ఉంచనా అని అడుగుతారా ఎవరైనా? మీకు ఈ దేశం నీళ్లు బాగా వంటబట్టాయి!"

"మనది కాదు కదే."

"ఇరవై రోజులుగా ఎవరి అన్నం తింటోంది ఆవిడ? మనకు ఆమాత్రం చనువు లేదా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన లోపలికి వెళ్లిపోయాడు. నేను కర్రను మా వెనక గార్డెన్‌లో సొరపాదు పందిరికి గుంజగా పాతాను. ప్లాస్టిక్ అట్టను కూరగాయల కత్తితో రెండు ముక్కలు చేసి, మిరప నారుకు గాలి కొట్టకుండా చెరో పక్కా నిలబెట్టాను. ఇన్నాళ్లకు ఒక పని చేశానని ఎంత సంబరపడ్డానో!

బుధవారం పొద్దున్నే బెల్ మోగింది. ఇంటి చెప్పులతోనే వచ్చేసింది ఆవిడ.

"ఆయన బోర్డు ఎవరో తీసుకుపోయారు, నువ్వేమైనా చూశావా?" అంది. ఆవిడ ఇంగ్లీషులో అన్న మాటలు నాకిప్పుడు మా ఇంటి తెలుగులోనే గుర్తొస్తాయి. "పార్టీవాళ్లకు ఫోన్ చేశాను, మేం కాదన్నారు. రేపు పదకొండింటికి ఆయన్ని తెచ్చే కారు ఇక్కడ ఆగుతుంది. అప్పటికి అది అక్కడ ఉండాలి."

ఆవిడ గుమ్మం పట్టుకుని ఇంకా చెబుతూనే ఉంది. "నలభై ఏళ్లు పోట్లాడాను, ఎన్నికలైపోయాయి, ఇంక ఆ బోర్డు తీసెయ్యమని. నేను ఒక్కసారి కూడా ఆ పార్టీకి ఓటెయ్యలేదు. మొన్న మంచం మీద ఉన్నవాడితో కూడా పోట్లాడాను. నువ్వు తియ్యకపోతే నేనే పీకి పారేస్తానన్నాను. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు దాని వంకే చూస్తూ వెళ్లాడు."

గాలికి పోయిందేమో అని ఒక అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మొహం చూసి ఆడలేకపోయాను.

"నేనే తీశాను," అన్నాను.

వెనక్కి తీసుకెళ్లి చూపించాను. ఆవిడ ఆ ముక్కల వంక చూస్తూ నిలబడింది. మా ఊరి పద్ధతి ఏదో చెప్పబోయాను గానీ నాకొచ్చిన ఇంగ్లీషంతా ఎటో పోయింది, ఏడుపొక్కటే మిగిలింది. "అడిగితే మీరు వద్దంటారని..." అన్నాను.

"అవును. వద్దనేదాన్ని," అని వెళ్లిపోయింది.

సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయన మాత్రం 'నేను చెప్పానా' అనలేదు. పార్సిళ్లకు వేసే టేపు తెచ్చి నా చేతిలో పెట్టి, "ముందు వెళ్లి ఆవిడను అడిగి రా," అన్నాడు. వెళ్లాను. బెల్ కొట్టడానికి అంత భయపడింది నా జన్మలో అదొక్కసారే. అతికించి మళ్లీ పాతమంటారా అని అడిగితే, ఆవిడ, "వీధివైపుకు తిప్పి పాతు. కారులోంచి ఆయనకు కనబడాలి," అంది.

అతుకు సరిగ్గా కుదరలేదు. అభ్యర్థి పేరు సగం పైకి, సగం కిందికి వచ్చింది. మా ఆయన కర్ర పట్టుకుంటే నేను సుత్తి వేశాను. నేల వదులైపోయి ఎంత కొట్టినా గట్టిగా నిలబడలేదు.

గురువారం పదకొండింటికి పొడుగాటి నల్ల కారు వచ్చి ఆగింది. అద్దాల్లోంచి ఆయన్ని ఉంచిన పెట్టె కనబడుతోంది. చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆవిడ బయటికొచ్చింది. బోర్డు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. సరిచేద్దామని ఒక అడుగు వేసి, ఆగిపోయాను. ఆవిడే చెల్లెలి చెయ్యి వదిలి వెళ్లి, వంగి, దాన్ని రెండు చేతులతో నిటారుగా నిలిపింది. కొత్త నల్ల బూటుతో మొదట్లో మట్టి తొక్కింది. తర్వాత కారు దగ్గరికి వెళ్లి అద్దం మీద చెయ్యి ఆనించి, రోజూ ఆయనతో మాట్లాడే గొంతుతోనే అంది.

"చూడు, అక్కడే ఉంది. నేను తియ్యలేదు."