పొద్దుగూకాక టార్విల్‌లో ఐడెల్లా

ఐడెల్లా క్రంప్ అమెరికాలోని అలబామాలో బడిపిల్లలకు ముప్పయ్యేళ్ళు వండిపెట్టిన నల్లజాతి మనిషి. దేనికీ బెదిరేది కాదు, ఒక్క టార్విల్ ఊరికి తప్ప. పొద్దుగూకాక నల్లవాళ్ళెవరూ కనపడకూడదని ఒకప్పుడు ఆ ఊరి పొలిమేరలో బోర్డు ఉండేది. ఆమె చిన్నప్పుడు ఒక రాత్రి సరిగ్గా అక్కడే నాన్న ట్రక్కు టైరు పేలింది. ఆయన పిల్లల్ని గోనెసంచుల కింద దాచి, ఆ పేలిన టైరుతోనే బండిని లాగించాడు. వెనక నుంచి రాళ్ళు పడ్డ చప్పుడు ఆమె చెవుల్లోంచి పోనేలేదు.

బోర్డు ఎప్పుడో పోయింది. కూతురు రెనీటా ఆ ఊళ్ళోనే ఇల్లు కొనుక్కుంది. "కాలం మారిందే అమ్మా" అంటే, "మారితే సంతోషమే. నువ్వే రా మా ఇంటికి" అనేది ఐడెల్లా. కూతురికి ఆపరేషన్ అయ్యాక మాత్రం వెళ్ళక తప్పలేదు.

ఆ సాయంత్రం రెనీటా మందుల మత్తులో నిద్రపోతోంది. ఐడెల్లా కిటికీలోంచి చూస్తే, ఒక ముసలి తెల్లాయన గొడ్డలి పట్టుకుని వాకిట్లోకి వస్తున్నాడు. తలుపు గడియ పెట్టి, లైటు ఆర్పి, ఇనప పెనం చేతబట్టుకుని తలుపు వెనక నిలబడింది.

"రెనీటా, నేనే, పక్కింటి డ్వైట్‌ని. గాలికి కొమ్మ విరిగిందన్నావుగా, కొట్టేసిపోదామని."

"నేను వాళ్ళమ్మని. ముందు ఆ గొడ్డలి కింద పెట్టండి." ఐడెల్లా తలుపు తీయకుండానే అంది.

ఆయన గొడ్డలి గడ్డిలో పెట్టి, వెనక్కి నడిచి రోడ్డు మీద నిలబడ్డాడు. "తప్పయిందమ్మా. ఈ వేళప్పుడు ఇలా రాకూడదు. అందులోనూ ఈ ఊళ్ళో."

"ఎందుకు రాకూడదో తెలుసా మీకు?"

"తెలుసు. ఆ బోర్డు దగ్గర మా నాన్నతోపాటు నేనూ నిలబడేవాణ్ణి."

"రాళ్ళు విసిరారా?"

ఆయన తల దించుకున్నాడు. "విసిరాను. చిన్నవాణ్ణి. నవ్వుకుంటూ విసిరాను."

ఐడెల్లా తలుపుకు ఆనుకుని కూలబడింది. అబద్ధం చెప్పి ఉంటే ఇంకా భయపడేదేమో. "పొద్దున్న రండి" అంది చివరికి.

పొద్దున్నే ఆయన కొమ్మ కొడుతుంటే, మెట్టు మీద కాఫీ కప్పు పెట్టి వెంటనే తలుపేసుకుంది.

"మంచాయనే అమ్మా" అంది రెనీటా మంచం మీద నుంచి.

"అయ్యుండచ్చే. నా కాళ్ళ వణుకు తగ్గలేదు, వాటికెవరు చెప్తారు?"

కూతురు కోలుకునేదాకా ఆమె అక్కడే ఉంది. సాయంత్రాలు డ్వైట్ రోడ్డు మీద నుంచే పలకరించేవాడు. ఆమె తెర పక్కకు లాగి, రెండు మాటలు బదులు చెప్పేది.