ఆకు తిప్పే పెద్దమ్మ

పెళ్ళి భోజనంలో కూర్చున్నా సరే, మా పెద్దమ్మ అరిటాకు తిప్పి వెనక వైపు చూసేది. పెళ్ళివారు నొచ్చుకునేవారు. ఆమె పట్టించుకునేది కాదు.

మా దీవికి స్వతంత్రం వస్తుందా రాదా అని ఊరంతా వాదించుకుంటున్న రోజుల్లో ఆమె చెరకు తోటలో కూలి మానేసింది. కార్తియే మిలితేర్ ఊరి దగ్గర నేల కౌలుకు తీసుకుని క్యాబేజీ వేసింది. పురుగు పట్టింది. పూలతో చేసిన పురుగుల మందు తెచ్చి రోజూ పొద్దున్నే కొట్టింది. పురుగులు హాయిగా తింటూనే ఉన్నాయి. మందు కల్తీదని, మళ్ళీ కూలికే పొమ్మని పెదనాన్న పోరుపెట్టాడు.

చూడ్డానికి వచ్చిన వ్యవసాయ ఆఫీసరు మాత్రం ఆ మందు ఎండ తగిలితే విరిగిపోయి పనిచెయ్యదని చెప్పాడు.

"విరిగిపోవడమంటే పాలలాగేనా? ముందే చెప్పొద్దూ," అంది పెద్దమ్మ.

ఆ సాయంత్రం నుంచి పొద్దు వాలాక, ప్రతి ఆకూ తిప్పి, ఎండ నేరుగా పడని వెనక వైపు మందు కొట్టింది. పురుగులు రాలిపోయాయి. కోతకు ముందు మందు ఆపేసి, మిగిలిన మందు విరిగిపోయేలా చేనును కొన్నాళ్ళు ఎండకు వదిలేసింది. "కొట్టేది నేను, కడిగేది సోలేయ్," అనేది. సూర్యుణ్ణి ఎప్పుడూ క్రియోల్ భాషలోని పేరుతోనే పిలిచేది.

మొదటి పంట మహేబోర్గ్ సంతకు తీసుకెళ్ళాం. చెరకు తోటలో ఆమెను అదిలించి పని చేయించిన సర్దారు అక్కడ ఎదురయ్యాడు.

"ఇప్పుడెవరి దగ్గర పని చేస్తున్నావు?" అన్నాడు.

పెద్దమ్మ క్యాబేజీ ఆకు తిప్పి, చిల్లు లేని వెనక వైపు అతనికి చూపించింది.

"సోలేయే నా దగ్గర పని చేస్తోంది," అంది.