పిన్ని పిడికెడు ఉప్పు

మా పిన్నికి కొలతలంటే ఒళ్ళుమంట. బట్టల మిల్లు గేటు పక్క క్యాంటీన్‌లో ఇరవై ఏళ్ళుగా వంట ఆవిడదే. పెద్ద గిన్నెడు కూరగాయల సూపుకి రెండు పిడికిళ్ళ ఉప్పు. ఎంతని అడిగితే "నా చెయ్యంత" అనేది.

అలాంటావిడ నెత్తిన కొత్త నిబంధన వచ్చి పడింది. ధరల బోర్డు మీద కేలరీలు రాయాలని కేంద్రం చెబితే, ఉప్పెంతో కూడా రాయాల్సిందేనని మునిసిపాలిటీ పట్టుబట్టింది. సోమవారానికి బోర్డు లేకపోతే క్యాంటీన్‌కి తాళమే. లెక్క కట్టడానికి నేను త్రాసు పట్టుకెళ్ళాను.

"నా చేతికే తూకం వేస్తావటే, గడుగ్గాయీ!" అంటూనే పిన్ని రెండు పిడికిళ్ళూ పళ్ళెంలో విదిల్చింది. వంద గ్రాములు. గిన్నెకి పాతిక కప్పులు.

"కప్పుకి నాలుగు గ్రాములు" అన్నాను.

"అయితే ఏంటట?"

నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా! మునిసిపాలిటీ కాగితం పైకి చదివాను. "మనిషికి రోజంతటికీ ఐదు గ్రాములు దాటకూడదట, పిన్నీ."

పిన్ని స్టూలు మీద కూలబడింది.

"డాక్టరు ఉప్పు తగ్గించమంటే మీ బాబాయికి ఇంట్లో చప్పిడి కూరలే పెట్టానే. పాపం తినలేకపోతున్నారని, సూపు ఒంటికి మంచిదని, ఇక్కడ రోజూ రెండేసి కప్పులు తాగించాను."

బాబాయి బీపీతో పోయి మూడేళ్ళయింది. నా నోరు పడిపోను! "నీకు తెలీదు కదా" అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. "ఇక నేను వండనే" అని ఏప్రాను మేకుకి తగిలించి ఇంటికెళ్ళిపోయింది.

రెండు రోజులు పొయ్యి వెలగలేదు. బోర్డు సంగతి దేవుడెరుగు, పిన్ని ముద్ద ముట్టడం లేదని నాకు ఏడుపొచ్చేది.

సోమవారం పొద్దున్న ఉప్పు గడి ఖాళీగా ఉన్న బోర్డు పట్టుకుని వెళ్ళేసరికి పిన్ని పొయ్యి దగ్గరుంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. నేను చూస్తుండగానే గిన్నెలో ఒక్క పిడికెడు ఉప్పు వేసి చెయ్యి దులుపుకుంది.

"రెండు గ్రాములు. రాయి."

రాశాను. మొదటి కప్పు మిల్లు మెకానిక్కు తీసుకున్నాడు. అతనికీ బీపీ మాత్రలున్నాయని గేటు దగ్గర అందరికీ తెలుసు.

"ఏంటక్కా, ఇంత చప్పగా ఉంది? కాస్త ఉప్పు పడెయ్."

పిన్ని చెయ్యి అలవాటుగా డబ్బా మీదికి వెళ్ళి ఆగిపోయింది. మూత గట్టిగా బిగించింది.

"వెయ్యను. కావాలంటే నన్ను తిట్టుకో. తిట్టడానికి రేపూ రా, ఎల్లుండీ రా."