బండికి సెలైన్ పెట్టిన ఆదివారం

అమ్మ ఆదివారాలు తెల్ల చీర తప్ప మరో రంగు కట్టదు. మా చర్చిలో ఆడవాళ్లు చాలామంది అంతే. శనివారం సాయంత్రం ఆమె గంజి చీరను ఇస్త్రీ చేస్తుంటే నేను ఆ గదిలో మంచినీళ్లు కూడా తాగను, ఎక్కడ ఒలుకుతాయోనని. అలాంటి చీర కుచ్చిళ్ల మీద మొన్న ఎండాకాలంలో నా బండి చైను నల్లటి నూనె చిమ్మింది. చైను ఎండిపోయి కీచుమంటోందని ముందురోజే నేను దాని మీద నూనె ధారగా పోశాను. యూసుఫ్‌గూడలో మా ఇంటి నుంచి ఫిల్మ్‌నగర్‌లో చర్చికి చేరేసరికి అందులో సగం అమ్మ చీర అంచుకు ఎక్కింది.

అమ్మ తిట్టలేదు. చర్చి కుళాయి దగ్గర అంచు ఉతుక్కుని, తడి చీరతోనే ఆరాధనంతా కూర్చుంది. తిరిగి వెళ్లేటప్పుడు నా వైపు చూడకుండా షేర్ ఆటో ఎక్కింది. మర్నాడు ఆస్పత్రి డ్యూటీకీ ఆటోలోనే వెళ్లింది. జూబ్లీ హిల్స్‌లో ఒక చిన్న ఆస్పత్రిలో ఆమె నర్సు. అప్పటిదాకా రోజూ నేనే దింపేదాన్ని.

నాన్న సినిమా యూనిట్ బస్సు నడుపుతారు. అప్పుడాయన షూటింగు కోసం రాజమండ్రిలో ఉన్నారు. విషయం తెలిసి ఫోన్‌లో, "మీ అమ్మ ఎక్కని బండి మనకెందుకే? నేనొచ్చాక ఇచ్చేసి నీకు స్కూటీ కొందాం," అన్నారు. మెత్తగానే అన్నారు. కానీ ఆయన ఒకసారి అన్నారంటే అయిపోయినట్టే.

అది మొదట నాన్న బండి. చైను సగం బయటికి కనిపించే రకం. దాని మీద నాకున్న ఇష్టం ఎవరికీ సరిగ్గా చెప్పలేను. నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో పనిచేస్తాను. డబ్బింగ్ చెప్పేవాళ్లకు డైలాగు కాగితాలు అందించి, ఎక్కడ పెదవి కలవలేదో గుర్తు పెట్టడం నా పని. రోజంతా ఇతరుల మాటల మధ్య ఉంటాను కాబట్టి నేను మాట్లాడకపోయినా అక్కడ ఎవరికీ తేడా తెలియదు. ఇంట్లోనూ అంతే. అమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చుంటే మాటలు రావు. బండి మీద మాత్రం వచ్చేవి. నా భుజం పట్టుకుని, వెనకనుంచి హెల్మెట్‌లోకి వినపడేలా, ఆమె వార్డు కబుర్లన్నీ చెప్పేది. డాక్టర్లను అనుకరించేది. ఒక్కోసారి తన చిన్నప్పటి సంగతులు. చెక్‌పోస్ట్ సిగ్నల్ ఎర్రగా ఉంటే నాకు సంతోషంగా ఉండేది, ఇంకొంచెం సేపు వినొచ్చని. స్కూటీ మీద కూడా చెబుతుంది కదా అంటారు. చెబుతుందేమో. కానీ ఆ వారం రోజులూ ఆమె నా వెనక ఏ బండీ ఎక్కేలా కనిపించలేదు.

స్టూడియోలో ఆర్టిస్టు రావడం ఆలస్యమైన ఒక రోజు చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి ఫోన్‌లో వెతికాను. చైనుకు నూనె ఒక్కసారిగా పోయకూడదట. బండి నడుస్తున్నంతసేపూ చుక్క చుక్కగా అందాలట. సీటు కింద చిన్న సీసా కట్టి, సన్నటి గొట్టాన్ని వెనక పళ్లచక్రం దాకా తెచ్చి వదిలితే, చక్రం తిరిగే ఊపుకు నూనె తనంతట తాను చైనులోకి పాకుతుందట. విదేశాల్లో అమ్మే అలాంటి సెట్టు చాలా ఖరీదు. ఫోన్‌లో దాని బొమ్మను చూస్తుంటే ఎక్కడో చూసినట్టే అనిపించింది. సీసా, గొట్టం, చుక్క. అమ్మ రోజూ చేసే పనే.

స్టూడియో పక్కనే మందుల షాపు ఉంది. అది మా చర్చి సంఘపెద్దగారిది. వెళ్లి సెలైన్ సెట్ ఒకటి కావాలని అడిగాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "ఎవరికమ్మా? ఇంట్లోనే ఎక్కిస్తున్నారా?" అన్నారు. షాపులో ఇంకో ఇద్దరున్నారు. మోటారుసైకిలుకు అని వాళ్ల ముందు చెప్పడానికి నాకు నోరు రాలేదు. తల ఊపాను. "నాన్నగారు చర్చిలో కనపడి చాలా రోజులైంది. నేనే అడుగుదామనుకుంటున్నా," అన్నారు. దానికీ తల ఊపాను. గొట్టం పొట్టిగా కోసేసి రెండోసారి వెళ్లినప్పుడు ఆయన ఏమీ అడగలేదు. సంచిలో పెట్టిచ్చి, "ధైర్యంగా ఉండండమ్మా," అన్నారంతే.

శనివారం మధ్యాహ్నం మా సెల్లార్‌లో కూర్చుని బిగించాను. ఖాళీ షాంపూ సీసా కడిగి ఆరబెట్టి, గాలి పోవడానికి పైన సూదితో రంధ్రం చేసి, సీటు కింద ప్లాస్టిక్ ట్యాగులతో కట్టాను. గొట్టం చివర చక్రానికి ఆనీ ఆననట్టు ఉండాలి. అది కుదరడానికే చాలాసేపు పట్టింది. మా వాచ్‌మన్ తాత కుర్చీ దగ్గరికి లాక్కుని చూస్తూ కూర్చున్నాడు.

"బండికి గ్లూకోజ్ ఎక్కిస్తున్నవా బిడ్డా?" అన్నాడు. "మంచిగ జేసినవ్. గిప్పుడు జర పండ్లు గిట్ల గూడ తినిపియ్యి."

ఆదివారం అమ్మ ఆటోలో, నేను బండి మీద చర్చికి వెళ్లాం. కీచుమనే చప్పుడు పోయింది. అది అమ్మకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ ఆమె పక్కన కూర్చున్నాను. ప్రార్థన మొదలైంది. రోగుల కోసం ప్రార్థించేటప్పుడు పాస్టర్‌గారు, యూసుఫ్‌గూడలో మంచం పట్టి సెలైన్ మీద ఉన్న మన సహోదరుణ్ని లేవనెత్తమని, ఆ ఇంటి తల్లీకూతుళ్లకు బలమివ్వమని వేడుకున్నారు. నేను కళ్లు తెరిచి అమ్మ వైపు చూశాను. అమ్మ మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, ఆ ఎవరో ఇల్లాలి కోసం అందరికంటే గట్టిగా ఆమేన్ అంది.

ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు వచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు. వెనక సంఘపెద్దగారు నిలబడ్డారు.

"ఇంత జరుగుతుంటే మాకొక్క మాట చెప్పలేదేంటమ్మా?"

"ఏం జరిగిందండీ?"

"మీ ఆయనకి ఇంట్లోనే సెలైన్ పెడుతున్నారంట కదా."

"ఆయన రాజమండ్రిలో ఉన్నారండీ," అంది అమ్మ. "పొద్దున్నే పెసరట్టు తిన్నానని ఫోన్ చేశారు."

సంఘపెద్దగారు నా వైపు చూశారు. తర్వాత అందరూ చూశారు. నాకు ఒక్క మాటే వచ్చింది. "బండికి," అన్నాను.

చెప్పడం కంటే చూపించడమే నాకు తేలిక. గేటు పక్కన నిలిపిన బండి దగ్గరికి నడిచాను. వాళ్లూ వచ్చారు. ఆపాక గొట్టం మూయడం మరిచిపోయాను కాబట్టి కింద సిమెంటు మీద నూనె మరక మెరుస్తోంది. ముందు పాస్టరమ్మగారికి నవ్వొచ్చింది. సంఘపెద్దగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. పాస్టర్‌గారు మాత్రం, "ప్రార్థన ఎవరి కోసం చేశామో దేవుడికి తెలుసులే," అన్నారు.

అమ్మ నవ్వలేదు. కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, వంగి, గొట్టం మధ్యలో చుక్కలు పడే బుడ్డిని చూసింది.

"ఎవరు పెట్టారిది, ఇంత ఫాస్ట్‌గా?" అంది. "మా వార్డులో అయితే నీకు మెమో ఇచ్చేదాన్ని."

బొటనవేలితో గొట్టం మీద చుక్కల వేగం తగ్గించే చిన్న చక్రాన్ని కొంచెం తిప్పింది. చుక్క మీదే చూపు పెట్టి, ఆగి, మళ్లీ తిప్పింది. ఎండెక్కితే నూనె పల్చబడుతుందని, పొద్దున పెట్టినట్టు మధ్యాహ్నం ఉంచకూడదని, బండి ఆపిన ప్రతిసారీ పూర్తిగా మూసేయాలని చెప్పింది. కొత్తగా డ్యూటీలో చేరిన అమ్మాయికి చెప్పినట్టే చెప్పింది. నేను తల ఊపాను.

తర్వాత రుమాలుతో వేళ్లు తుడుచుకుని రోడ్డు వైపు చూసింది. షేర్ ఆటో ఒకటి మనుషుల కోసం ఆగి ఉంది. నేను హెల్మెట్ పెట్టుకుని, రమ్మనీ అనకుండా, పొమ్మనీ అనకుండా బండి స్టార్ట్ చేశాను. ఆటో కదిలి వెళ్లిపోయింది. నా భుజం మీద చెయ్యి పడింది.

దిగుడు రోడ్డులో నెమ్మదిగా నడిపాను. చెక్‌పోస్ట్ దాటాం. కృష్ణానగర్ దగ్గరికొచ్చాక, "ఆమేన్ నేను కూడా అన్నానే," అంది హెల్మెట్‌లోకి. అప్పుడు నవ్వింది. ఇంటిదాకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వుకు బండి ఊగుతుంటే నేను మరింత నెమ్మదిగా నడిపాను.

ఇంటి మెట్ల దగ్గర ఆమె చీర అంచును ఎండలోకి పట్టి, అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకుంది. నాకు చూపించలేదు. పైకి వెళ్లి అన్నం వండటానికి కూర్చుంది, చీర మార్చుకోకుండానే.

సాయంత్రం నాన్న ఫోన్ చేశారు. సంఘపెద్దగారు అప్పటికే ఆయనకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పారట. పేషెంట్ ఎలా ఉన్నాడని నాన్న అడిగారు.

"బాగానే ఉన్నాడు," అంది అమ్మ. "రేపు డ్యూటీకి దాని మీదే వెళ్తున్నా. బండి ఎవరికీ ఇవ్వకండి."