కంపెనీ తరఫున గంగులయ్య

మా నడిమికుప్పంలో పంచాయితీకి రానివాళ్ల బదులు గంగులయ్య వస్తాడు. చిట్టమూరు దాటి పులికాటు వైపు పోతే, వలలు ఆరేసిన రోడ్డు చివర ఉంటుంది మా ఊరు. చేపలు పట్టుకుని బతికేవాళ్లం. తగువు వస్తే కులపెద్దలు వలల కొట్టంలో కూర్చుంటారు. రెండో పక్షం ఎదురుగా లేకుండా తీర్పు చెప్పకూడదని మావాళ్లకు గట్టి పట్టింపు. రెండో పక్షం రాకపోతే ఊళ్లో ఒకణ్ణి దాని స్థానంలో నిలబెట్టి, భుజం మీదుగా ఏటవాలుగా ఎర్ర తువ్వాలు వేసి, పక్కటెముకల దగ్గర వల ముడి బిగిస్తారు. ముడి పడ్డాక అతను అతను కాడు. రానివాడు నిజం చెబితే ఏం చెబుతాడో అదే గంగమ్మ మీద ఒట్టేసి చెప్పాలి. తీర్పు ఏదైనా తనే మోయాలి. ముడి విప్పే హక్కు నష్టపోయినవాళ్లకే ఉంటుంది.

ఈ పనిలో గంగులయ్యను మించినవాడు లేడు. డెబ్బై దాటింది, చూపు మందగించింది, నోట్లో పళ్లన్నీ రాలిపోయాయి. ఒక్కడే ఉంటాడు, ఇంటి అరుగు మీద కూర్చుని ఊరందరి వలలూ బాగుచేస్తాడు. మేకను తొక్కి వెళ్లిపోయిన ఐసు లారీ బదులు ఒకసారి నిలబడ్డాడు. డ్రైవరు బదులు కాదు, లారీ బదులే. ముందురోజు పోయి అలాంటి లారీ కింద పడుకుని, దాని కష్టసుఖాలు చూసొచ్చాడు. వానలు వెలిసేదాకా లారీ ఊళ్లోకి రాకూడదని తీర్పు వస్తే, పాపం పొలిమేరలో గుడిసె వేసుకుని అక్కడే ఉన్నాడు. నారుమడి తొక్కాయని ఫ్లెమింగో పక్షుల మీద ఫిర్యాదు వచ్చినప్పుడైతే ఒంటికాలి మీద నిలబడి వాదించాడు. మీ తాతల కంటే ముందొచ్చినోళ్లమని చెప్పి ఆ తగువు గెలిచాడు కూడా. పొరుగూళ్లవాళ్లు మమ్మల్ని చూసి నవ్వుతారు. నవ్వనీ, నాకేం.

నేను సూళ్లూరుపేటలో నరేంద్రబాబు అనే వకీలు దగ్గర గుమాస్తాను. చట్టం నేను చదవలేదు. చదివినవాళ్ల మీద కోపం మాత్రం దండిగా ఉంది. అందుకే మా ఊరి చెంచులక్ష్మి అక్క ఒకరోజు పొద్దున్నే చేపల గంప బయట దించి మా ఆఫీసులోకి వచ్చినప్పుడు, ఆమె అడగకముందే నేనే వకీలు ముందుకు తీసుకుపోయాను. ఆమె కూతురు అనూష ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. చదువుతోంది అనకూడదు, చదివేది.

జరిగింది చెప్పడానికి చిన్నదే. అనూష పడవ మీద నిలబడి డాన్సు చేసి ఫోనులో పెట్టింది. ఆ పిల్లకు పైపళ్లు కాస్త ఎత్తు. ఎవడో పనిలేనివాడు ఆమె నవ్విన ముక్క ఒక్కటే కత్తిరించి, దానికి గుర్రం సకిలింపు తగిలించి వదిలాడు. అది ఊళ్లు దాటి పోయింది. అప్పటినుంచి ఆ పిల్ల చెయ్యి నోటి మీదనుంచి తియ్యలేదు. కాలేజీ మానేసింది, గడప దాటడం మానేసింది, తల్లి ముందు కూడా అన్నం తినదు. కంచం తలుపు చాటుకు తీసుకుపోతుంది, సగం తిరిగొస్తుంది. మనిషి సగమైపోయింది. అంత అవమానపడ్డ పిల్ల ఫోను పారేసిందా అంటే అదీ లేదు. తనను ఎవరేమంటున్నారో వెతుక్కుంటూ పొద్దస్తమానం అందులోనే ఉంటుంది. నెల్లూరు డాక్టరు మందులిచ్చి ఫోను తగ్గించమన్నాడు. తల్లి ఫోను దాస్తే ఆ పిల్ల గోడకు తల బాదుకుంది.

ఎక్కడో దేశాల్లో పిల్లల తల్లిదండ్రులు ఇట్లాంటి వీడియోలు తిప్పే ఫోను కంపెనీలను కోర్టుకు లాగారని చెంచులక్ష్మి టీవీలో చూసింది. మనమూ లాగుదామంది. నరేంద్రబాబు చెడ్డవాడు కాదు. వీడియో కత్తిరించినవాడి మీద పోలీసులకు చెప్పొచ్చు గానీ, కంపెనీ సముద్రాల అవతల ఉంది, ఏళ్లు పడుతుంది అన్నాడు. అంతవరకు నా బిడ్డ ఉంటుందా సార్ అని ఆమె అడిగింది. ఆయన ఫ్యాను వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. చెంచులక్ష్మి గంప ఎత్తుకుని నేరుగా పోయి మా కులపెద్ద కామాక్షయ్య ముందు దించింది.

కామాక్షయ్యకు పద్ధతి అంటే ప్రాణం. పంచాయితీకి ముందు రెండో పక్షాన్ని పేరుపెట్టి మూడుసార్లు పిలవాలి. కంపెనీ ఏ దిక్కున ఉంటుందో ఎవరికీ తెలియదు. అందుకని దండోరా వేసేవాణ్ణి ఒడ్డున నిలబెట్టి నాలుగు దిక్కులకూ పిలిపించాడు. కంపెనీ రాలేదు. రెండు కొంగలు మాత్రం లేచిపోయాయి. దాంతో ఎర్ర తువ్వాలు బయటికి తీసి గంగులయ్యకు కట్టారు. ముడి కామాక్షయ్యే వేశాడు, ఆయన ముడి వేస్తే చేపలే విప్పుకోలేవు.

తమాషా ఏమిటంటే, ఊళ్లో ఫోను ముట్టని ఏకైక మనిషి గంగులయ్య. అయినా లారీ కింద పడుకున్నవాడు ఊరుకుంటాడా. పంచాయితీ రోజు వచ్చేలోగా కంపెనీ స్వభావం తెలుసుకోవాలి, ఒక ఫోను ఇప్పించండి అన్నాడు. కామాక్షయ్య ఇంట్లో అద్దం పగిలిన పాత ఫోను ఒకటుంటే ఇచ్చారు. వీడియోలు ఎట్లా తొయ్యాలో నేనే నేర్పాను. ఆ ఫోను అతనికి మొదట చూపించింది వల బాగుచేసే మనిషిని. ఏ దేశంవాడో, ఎర్ర గడ్డం. గంగులయ్య వాణ్ణి కడదాకా చూశాడు. తర్వాత వల అల్లే ఆడమనిషి, ఆ తర్వాత వలలోంచి తాబేలును వదిలేవాడు. తర్వాతి ఆదివారం నేను వెళ్లేసరికి పులుసు మాడి వీధంతా కమురు కంపు, ఊరి వలలన్నీ చిరిగినవి చిరిగినట్టే ఉన్నాయి, ఈయన అరుగు మీద పడుకుని వేలితో పైకి తోస్తున్నాడు.

"నేను నోరు తెరిచి అడగలా, నాకేం కావాల్నో వాడికి తెలిసిపొయ్యిందిరా," అన్నాడు మురిసిపోతూ. "మా ఇంటిది కూడా నన్ను ఇంత కనిపెట్టి చూళ్లా."

నాకు ఒళ్లు మండింది. అనూష తరఫున ఊరంతా ఎదురుచూస్తుంటే, ఈయన కంపెనీకి అల్లుడైపోయాడు. ఈసారి వాదించి గెలిచినా గెలుస్తాడని భయమేసింది. కానీ ఆ మర్నాడే ఫోను అతనికి గుర్రం సకిలింపు చూపించింది. గంగులయ్య నవ్వాడట. బోసినోటితో గట్టిగా, పక్కింటివాళ్లకు వినపడేట్టు నవ్వాడట. చూపు ఆనదు కదా, ఎవరో ఏమిటోనని దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూశాడు, మళ్లీ చూశాడు. ఆ పడవ తను తారు పూసిన పడవ. ఆ పిల్ల తన అరుగు మీద ఆడుకున్న పిల్ల. అన్నిసార్లు చూశాడు కాబట్టి అదే అతనికి ఇష్టమనుకుని, ఫోను ఆ రోజంతా పళ్లెత్తు ఆడపిల్లల్ని, నత్తి పిల్లల్ని, జారిపడ్డ పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిని తెచ్చి చూపించింది. సాయంత్రానికి ఫోను బోర్లించి పెట్టి కూర్చున్నాడు. ఇదంతా అతను చెబితేనే నాకు తెలుసు. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

పంచాయితీ రోజు వలల కొట్టం నిండిపోయింది. అనూష గడప దాటనంది. నష్టపోయిన మనిషి ఎదురుగా లేకపోతే ఎట్లా అని కామాక్షయ్య మొండికేశాడు. చివరికి తల్లి ఫోనులో వీడియో కాల్ చేసి, ఆ ఫోనును రొయ్యల బుట్టకు ఆనించి పెట్టారు. ఫోను మీద తగువు ఫోనులో నడిచింది. ఇదేం చోద్యమని నవ్వబోయాను గానీ, ఆ చిన్న అద్దంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న పిల్లను చూశాక నవ్వు రాలేదు.

చెంచులక్ష్మి చెప్పుకోవలసింది చెప్పుకుంది. కంపెనీ ఏమంటుందని కామాక్షయ్య అడిగాడు. అందరం ఒంటికాలి వాదన లాంటిదేదో వస్తుందని చూస్తున్నాం. గంగులయ్య ఒట్టేసి, తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన నోరు విప్పేలోగా బుట్ట దగ్గరనుంచి సన్నటి గొంతు వచ్చింది. ఆ గొంతు ఊళ్లో విని ఎంతకాలమైందో.

"నేను ఏడస్తా చూసేది నీకు తెలుసా?"

"తెలుసమ్మే," అన్నాడు గంగులయ్య.

"మరెందుకు ఆపలా?"

"నువ్వు నవ్వతా ఉన్నప్పుడు రొంతసేపే చూసినావు. ఏడస్తా శానాసేపు చూసినావు. నాకు నువ్వు చూడటమే కావాల, ఏడిస్తే నాకేంది, నవ్వితే నాకేంది. అందుకని ఏడిపించేదే తెచ్చి పెట్టినాను."

కంపెనీ తరఫున ఇంకేమైనా చెప్పుకోవాల్నా అని కామాక్షయ్య అడిగితే, ఏమీ లేదన్నాడు. అన్నేళ్లలో గంగులయ్య వాదించకుండా ఒప్పుకున్నది అదొక్కటే. చెంచులక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

తీర్పు కామాక్షయ్య పద్ధతి ప్రకారమే వచ్చింది. కంపెనీ మీద దురాయి వేశారు. మా దగ్గర దురాయి అంటే వెలి. మాట లేదు, నిప్పు లేదు, ఉప్పు లేదు. కంపెనీ తనంతట తను వచ్చి ఆ పిల్లను క్షమించమని అడిగేదాకా, లేదా ఆ పిల్ల ఫిర్యాదు వదులుకుని ముడి విప్పేదాకా అంతే. అందరూ గొప్ప తీర్పని లేచి ఇళ్లకు పోయారు. అన్నాలకు కూర్చున్నాక గానీ, ఆ వెలి పడింది గంగులయ్య మీదని ఎవరికీ తట్టలేదు.

తట్టినా దురాయి దురాయే. నేను కామాక్షయ్యతో పోట్లాడాను. కంపెనీ ఈ జన్మకు రాదయ్యా, ముసలాణ్ణి చంపుతారా అన్నాను. ఆయనకూ బాధగానే ఉంది, కానీ పద్ధతి తప్పితే రేపు ఏ తగువూ నిలవదన్నాడు. మొండితనంలో గంగులయ్య ఆయన్ని మించిపోయాడు. ఎవరైనా పొరపాటున పలకరిస్తే, నేను కంపెనీని, నాతో మాట్లాడకూడదు అన్నట్టు తువ్వాలు చూపించి మొహం తిప్పుకునేవాడు. నేను సూళ్లూరుపేటలో ఉంటాను, నాకు దురాయి వర్తించదని వాదించి కాసిన్ని బియ్యం అరుగు మీద పెడితే, వెనక్కి తోసేశాడు. ఉప్పు లేని గంజి తాగేవాడు. ఆయనను పలకరించేది ఒక్క ఆ పగిలిన ఫోను మాత్రమే. మీకోసం కొత్త వీడియో, మీరు చాలాసేపటినుంచి కనపడలేదు అని గంట కొట్టేది. కంపెనీయే, వెలిలో ఉన్న కంపెనీని ఓదారుస్తోంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు, గోడకు చార్జింగులో ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేశాడు.

తాత చిక్కిపోతున్నాడని చెంచులక్ష్మి ఇంట్లో రోజూ చెప్పేది. ఫిర్యాదు వదిలేద్దామా అని అడిగితే, వదలనని అనూష తలుపు వేసుకునేది. ఆ పిల్లను తప్పుపట్టలేను. తాత కోసం ఆ కంపెనీని ఎట్లా క్షమిస్తుంది?

ఒక ఆదివారం పొద్దున, ఆడవాళ్లు చేపల వేలం నుంచి తిరిగొస్తున్న వేళ, వీధి నిండా జనం ఉండగా అనూష గడప దాటింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే వీధి పొడుగునా నడిచింది. ఒకరిద్దరి జేబుల్లోంచి ఫోన్లు బయటికి వచ్చాయి. కామాక్షయ్య గొంతు సవరించుకుంటే మళ్లీ లోపలికి పోయాయి. ఆ పిల్ల వచ్చి గంగులయ్య ముందు నిలబడి, ఒక చేత్తో ముడి పట్టుకుని లాగింది. చెమటకు, ఉప్పుగాలికి అది రాయిలా బిగుసుకుపోయి ఉంది. చెయ్యి చాల్లేదు. ఆయన వేళ్లకు బలం లేదు, నోట్లో పళ్లు లేవు. కత్తితో కోయడం కట్టుబాటు కాదు. ముందుకొచ్చి సాయం పట్టడానికి మాకెవరికీ హక్కు లేదు.

అనూష నోటి మీది చెయ్యి తీసింది. రెండు చేతులతో తువ్వాలు పట్టుకుని, వంగి, వీధంతా చూస్తుండగా ముడిని పళ్లతో పట్టి లాగింది. మా ఊరి ఆడవాళ్లందరూ వల ముడి విప్పేది అట్లాగే. పైపళ్లు ముడిలోకి దిగాయి. ఒకసారి పట్టు జారింది, మళ్లీ పట్టింది. మూలుగుతూ, ఎంగిలి కారుతూ కొరికి కొరికి లాగింది. ముడి వదులైంది.

కామాక్షయ్య దగ్గరికొచ్చి, ముడి విప్పినావు గాబట్టి ఫిర్యాదు పొయినట్టే గదమ్మే, అన్నాడు.

"తాత మీద పొయ్యింది," అంది అనూష. "తువ్వాలు మీద పోలా."

కులపెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అటువంటి పద్ధతి లేదు. లేదని అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. గంగులయ్య వట్టి ఒంటితో నిలబడి, ఆ పిల్ల మొహంలోకి చూశాడు.

"మరి కంపెనీకి ఏం చెప్పమంటావమ్మే?"

"ఏం చెప్పొద్దు తాతా. దాంతో మాట్లాడకూడదు గదా," అని నవ్వింది. పళ్లన్నీ కనపడేట్టు నవ్వి, ఆకలేస్తోంది, ఏముంది ఇంట్లో అని అడిగింది. ఉప్పు లేని గంజి ఉందన్నాడు. ఎవరో పరిగెత్తి పోయి మడవ చేపల పులుసు తెచ్చారు. ఇద్దరూ అరుగు మీదే, అందరి ముందూ కూర్చుని తిన్నారు.

ఎర్ర తువ్వాలునూ ఆ పగిలిన ఫోనునూ కలిపి వలల కొట్టంలో మేకుకు తగిలించారు. చార్జింగు అయిపోయేదాకా ఆ ఫోను వెలుగుతూ, ఆరుతూ, అందరినీ పిలుస్తూనే ఉంది. మా జేబుల్లో ఫోన్ల సంగతి నన్నడక్కండి. దానికి మాత్రం ఊళ్లో ఒక్కరూ పలకలేదు.