రెండొందల ముక్క

ఆ దర్జీని వీధంతా కత్తెరక్క అంటుంది. ముప్పై ఏళ్ళలో ఒక్క గుడ్డ కూడా తప్పు కోయలేదని ఆవిడకు గర్వం. నిజం చెప్పొద్దూ, కాస్త ఎక్కువే. మనుషుల పేర్లు మాత్రం ఆవిడ బుర్రలో నిలవవు. "ముప్పై ఎనిమిది నడుము వచ్చి వెళ్ళిందా?" అని అడుగుతుందే గానీ పేరు పెట్టి పిలవదు. పేరు పదిమందికి ఒకటే ఉండొచ్చు, కొలత ఎవరిది వాళ్ళదే అని ఆవిడ వాదన. ఆ వాదనే ఒకరోజు కొంప ముంచినంత పని చేసింది.

దుకాణం వెనక, తెర చాటున చిన్న గది ఉంది. రొమ్ము తీయించుకున్నవాళ్ళు, వెన్ను వంగినవాళ్ళు, ఒక భుజం జారినవాళ్ళు అక్కడికి వస్తారు. తేడా పైకి కనపడకుండా కుట్టడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు. అందరికీ ఒకటే మాట ఇచ్చింది. "కొలత ఒక్కసారే. మళ్ళీ టేపు ముందు నిలబడే పని లేదు." అలా నలభై ఒక్కమంది. వాళ్ళ కొలతలు పరాయి కళ్ళబడకూడదని కొత్త ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, కాగితాలన్నీ తగలబెట్టేసింది.

ఆ ల్యాప్‌టాప్ డిస్కు సి, డి, ఇ అని మూడు ముక్కలుగా వచ్చింది. సిలో చోటు చాలక డిజైన్లు గీసే ప్రోగ్రాము మొరాయించింది. కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడికి ఫోన్ చేస్తే దారి చెప్పాడు.

"డి ఖాళీగా ఉందక్కా. దాన్ని డిలీట్ చేసి సిలో కలిపెయ్. రెండొందల జీబీ ఉంటుంది."

అక్షరం చెవిలోంచి జారిపోయింది, అంకె మిగిలింది. తెరమీద రెండొందల ముక్క కనపడగానే ఎంచుకుంది. ఇందులో ఉన్నవన్నీ పోతాయి, సరేనా అని ల్యాప్‌టాప్ అడిగింది. సరేనని దర్జాగా నొక్కింది. ఆ ముక్క ఉన్నచోట ఖాళీ అంటూ నల్లటి పట్టీ పడింది. సిలో కలుపుదామంటే ఎంత నొక్కినా కలవదు. మళ్ళీ ఫోన్.

"కలపడం కుదరట్లేదురా. ఈ ఖాళీలో కొత్తది చెయ్యమంటోంది, చెయ్యనా?"

"కుదరకపోవడమేంటి? డి, సి పక్కపక్కనే కదా! నువ్వు తీసింది ఏ ముక్క?"

"రెండొందలది."

"రెండూ రెండొందలే కదక్కా! పేరు చూడలేదా?"

మిగిలిన ముక్క తెరిచింది. బోసిగా ఉంది. చెరిపింది ఇ అని, నలభై ఒక్కమందీ అందులోనే ఉన్నారని ఫోన్‌లో అరిచింది.

"ఏమీ నొక్కకు! చెయ్యి తీసెయ్! పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టమన్నానుగా?"

"ఎవరి చేతికైనా చిక్కుతుందని పెట్టలేదురా."

తమ్ముడు పావుగంటలో వచ్చిపడ్డాడు. పెన్‌డ్రైవ్‌లోంచి చెరిగినవి వెతికే ప్రోగ్రాము నడిపించి, చెమట తుడుచుకుంటూ అన్నాడు. "నువ్వు సుద్దగీత చెరిపావు, అంతే. గుడ్డ తెగలేదు. కొత్తది చేసుంటే మాత్రం తెగేది."

వెతుకులాట పదిశాతానికి చేరింది. పన్నెండు. ఆవిడ కూర్చోలేదు, నిలబడలేదు. అంతలో గుమ్మం దగ్గరి గుడ్డ తెర కదిలింది. నాలుగింటికి రమ్మన్న బస్సు కండక్టరమ్మ మూడున్నరకే వచ్చేసింది. ఆరేళ్ళ కిందట ఎడమ రొమ్ము తీయించుకున్న మనిషి. తర్వాత ఇక్కడ కొలత ఇస్తున్నంతసేపూ గోడవైపే చూసింది.

అబద్ధమాడదామనుకుంది కత్తెరక్క. నోరు రాలేదు. "నీ కొలత చెరిపేశానమ్మా. దొరక్కపోతే మళ్ళీ తీసుకోవాలి. మాట తప్పాను."

కండక్టరమ్మ కొంగు ఎడమవైపుకి లాక్కుని, స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ వీపు చూడలేక కత్తెరక్క తల దించుకుంది. గర్వమంతా ఎటు పోయిందో.

యాభై. డెబ్బై. తొంభై దగ్గర చాలాసేపు ఆగిపోయింది. తమ్ముడు గోళ్ళు కొరకడం మొదలుపెట్టాడు.

"అక్కా, ఇ వచ్చింది."

ఆవిడ ఒక్క అంగలో వచ్చి వరసగా తెరిచి చూసింది. నలభై ఒకటీ ఉన్నాయి. ఏడుపొచ్చింది, ఏడ్చింది. కండక్టరమ్మ మెల్లగా ఇటు తిరిగింది.

ఫైళ్ళన్నిటికీ అంకెలే పేర్లు. కత్తెరక్క కళ్ళు తుడుచుకుని, ఎడమ చంక కింద లోతుగా వంపు గీసి ఉన్న ఫైలు తెరిచి పెట్టుకుంది. దాని పేరు మారుద్దామని వేళ్ళు కీబోర్డు మీద పెట్టి, అలాగే ఆగిపోయింది.

"నీ పేరేంటమ్మా?"

"ఆరేళ్ళ నుంచీ నా ఒళ్ళు తెలుసు కదా అక్కా, నా పేరు తెలీదా?"

కండక్టరమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుని, ఒక్కొక్క అక్షరమే చెప్పింది. కత్తెరక్క ఒక్కొక్కటే కీబోర్డు మీద కొట్టింది.