వదిన ఏడుపు కోసేసిన పిల్ల

ఆదివారం, ఉక్కపోత. పొద్దున్నే నా వీడియో స్టూడియోలో ఫ్యాన్లు తుడిచాను. సినిమా కోర్సు చదివే మా అన్న కూతురు తన మొదటి షార్ట్ ఫిల్మ్‌ను నా కంప్యూటర్‌లోనే ఎడిట్ చేసింది. కూతుర్ని హాస్టల్‌కు పంపి, తలుపేసుకుని ఏడ్చే తల్లి కథ. తల్లిగా మా వదినే నటించింది. ఆ ఏడుపంతా పిల్ల తీసేసింది.

“ఏందే, నేనంత ఏడిస్తే కోసేశావా?” అంది వదిన.

“నువ్వు తలుపేస్తే చాలమ్మా. ఏడవాల్సింది నువ్వు కాదు, చూసేవాళ్ళు.”

నిజంగానే తెరమీద ఆ తలుపు పడగానే నేను కళ్ళు తుడుచుకున్నాను. నరసరావుపేటలో ఇన్నేళ్ళుగా పెళ్ళి వీడియోలు చేస్తున్నాను. అక్షింతలు వేసిన చుట్టం ఒక్కరు కనపడకపోయినా గొడవే కాబట్టి ఎవరినీ కోయలేదు. సొంత తల్లి ఏడుపునే కోసేసిన పిల్లను చూసి కుళ్ళు పుట్టింది.

“ఎట్టా ఉంది బాబాయ్?”

“పర్లేదు” అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది.

చానా బాగుందని మీకు రాస్తున్నాను గానీ, పక్కగదిలో ఉన్న పిల్లకు చెప్పడానికి నోరు రావడం లేదు. మీరైతే లేచి వెళ్ళేవారా?